తొలి రైఫిలు

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జింకలవేట నేడు నిషిద్ధము. అమెరికాలో మాత్రము అనుమతిపత్రముతో, నియతకాలమున నేటికిని సాగుచున్నది. అచట పెరుగు మన పిల్లలును తొలి రైఫిలు కోరవచ్చును గనుక ఈ నాలుగు మాటలు.

ఇంటనున్న .30-06ను బాలుని చేతికిచ్చుట మాకు సమ్మతము కాదు. 1906లో సైన్యమునకై వెలసిన ఆ తూటా భుజమును గట్టిగా తన్నును. రెండుమార్లు దెబ్బ తిన్నవాడు మూడవమారు మీట నొక్కకమునుపే కన్నులు మూసికొనును. గురి తప్పును, గాయపడిన జింక పొదలలో దూరి గంటలకొలది బాధపడి చచ్చును. ఆ పాపము బాలునిది కాదు, తుపాకి నిచ్చిన పెద్దలది.

1955లో వచ్చిన .243 వించెస్టరు మేలు. తన్ను స్వల్పము, 100 గ్రెయినుల గుండు చోటెరిగి తగిలినచో తెల్లతోక జింకకు చాలును. కొన్ని రాష్ట్రముల నిబంధనలు వేరు, ముందుగా విచారింపవలెను.

తూటాకన్న మడమ పొడవు ముఖ్యమని మా అభిప్రాయము. మడమను మోచేతి మడతలో ఆనించినపుడు చూపుడువ్రేలు మీటకు సుఖముగా అందవలెను. బాలుడు గదా యని మరీ తేలికదానిని కొనరాదు. బరువు తగ్గినకొలది తన్ను హెచ్చును. అంతకుముందు కొన్ని నెలలు .22తో కాగితముపై గురి నేర్పుడు, చెవులు కప్పి.