ఆటోక్లేవ్‌లో వాక్యూమ్ పోయిన రాత్రి



ఆటోక్లేవ్ అంటే ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న. అతికించిన కాంపోజిట్ భాగాన్ని నైలాన్ బ్యాగులో మూసి, అంచులకు సీలెంట్ టేపు వేసి, గాలి లాగేసి అందులో పెట్టేవాళ్ళం.

ఒక నైట్ షిఫ్టులో, వేడెక్కుతుండగా గేజి ముల్లు పడిపోసాగింది. టేపు వేసిన కుర్ర అప్రెంటిస్‌ను అందరం తిట్టాం. జిగురు గట్టిపడక ముందే ఆపి, చల్లార్చి చూశాం. టేపు భేషుగ్గా ఉంది! థర్మోకపుల్ వైరు పైతొడుగు ఒలవకుండానే టేపు కింద దూర్చారు. ఆ తొడుగు సందులోంచే గాలి దూరింది. దూర్చింది నేనే. వాల్వు కట్టేసి 5 నిమిషాలు గేజి చూడాల్సింది, తొందరలో నిమిషంతో సరిపెట్టిందీ నేనే.

తొడుగు ఒలిచి, తీగలను విడివిడిగా టేపులో పొదిగాం. ముల్లు నిలిచింది. నేను మాత్రం నోరు విప్పలేదు.

ఆ అప్రెంటిస్ కూడా రిటైరై ఇవాళ మూడో వరుసలో కూర్చున్నారు. తమ్ముడూ, తప్పు నాది.