టర్బైను రెక్కల వణుకు

యాంగాన్ నుంచి మాట్లాడుతున్నాను. మన పెద్దవాళ్ళు రంగూన్ అనేది ఈ ఊరినే. నా వృత్తి కంప్యూటర్లు. అయినా ఈ పూట టర్బైను రెక్కల గురించి చెబుతాను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ముందు వంటింట్లోకి వెళదాం. గ్యాసు పొయ్యి వెలిగించే లైటరులో బ్యాటరీ ఉండదు, గమనించారా? టక్కుమని నొక్కితే లోపల చిన్న సుత్తి ఒక పింగాణీలాంటి పలుకు మీద పడుతుంది. ఆ దెబ్బకి పలుకులో వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ రాలుతుంది. ఒత్తిడికి విద్యుత్తు పుట్టే ఈ గుణాన్ని 1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టారు. పియరీ అంటే మేడం క్యూరీ భర్తే. విద్యుత్తు ఇస్తే ఆ పలుకు సాగడం, ముడుచుకోవడం కూడా చేస్తుందని మరుసటేడు తేలింది. వీటినే పీజో పదార్థాలు అంటున్నాం.

ఇక టర్బైను. ఆవిరో, వేడి వాయువో వచ్చి రెక్కల్ని తోస్తే ఇరుసు తిరుగుతుంది. ఇక్కడి యువామా, అహ్లోన్ కేంద్రాల్లో ఉన్నవి గ్యాసు టర్బైన్లు. మన దేశంలోలాగే ఇక్కడా కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పెద్ద యంత్రాలు సాధారణంగా నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. ఇరుసు నడిమి నుంచి అరమీటరు దూరంలో ఉన్న ఒక్క గ్రాము ఇనుము ఆ వేగంలో దాదాపు 5 కిలోల బరువుతో బయటికి లాగుతుంది. దానికి తోడు వణుకు. ఉయ్యాలని సరైన అదనులో వేలితో తోసినా చాలు, అంతెత్తుకు లేస్తుంది. రెక్కకీ అలాంటి సహజమైన అదను ఒకటుంటుంది. ఆవిరి తోపులు దానితో కలిశాయా, ఇక ఊగుడే. సెకనుకి 500 సార్లు వణికే రెక్క అయిదున్నర గంటల్లో కోటి సార్లు వంగి లేస్తుంది. కంటికి కనబడని పగులు అలా పెరుగుతుంది.

1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణువిద్యుత్ కేంద్రంలో జరిగింది ఇదే. 220 మెగావాట్ల యంత్రంలో చివరి వరస రెక్కలు రెండు అలసటతో విరిగాయి. ఇరుసు తూకం తప్పింది, హైడ్రోజను బయటికి వచ్చి అంటుకుంది. దాదాపు 17 గంటలు ఆ యూనిట్లో కరెంటు లేదు. రేడియేషన్ బయటికి రాలేదు కాబట్టి సరిపోయింది. రెండంటే రెండు రెక్కలు!

ఈ వణుకుని అణచడానికి పాత పద్ధతి రాపిడి. నాలుగైదు రెక్కల్ని కలిపి ఒక తీగ గుచ్చుతారు, లేదా రెక్కల మొదట్లో చిన్న లోహపు ముక్కలు పెడతారు. వణుకులోని శక్తి రాపిడిలో వేడిగా పోతుంది. పీజో పద్ధతిలో ఆ పని విద్యుత్తు చేస్తుంది. రెక్కకి పీజో పట్టీ అతికిస్తే, వంగినప్పుడల్లా విద్యుత్తు పుడుతుంది. దాన్ని ఒక రెసిస్టర్లోకి పంపితే వేడై పోతుంది. ఈ పద్ధతిని లెక్కలతో సహా స్థిరపరచిన హాగుడ్, వాన్ ఫ్లోటో గార్ల పరిశోధన పత్రం 1991లో వచ్చింది.

నా ఎం.టెక్ ప్రాజెక్టు ఇదేనండీ. రెక్కకి బదులు అల్యూమినియం బద్ద. వేలితో మీటితే చాలాసేపు ఊగేది. రెసిస్టరు మరీ తక్కువైతే లాభం లేదు, మరీ ఎక్కువైనా లేదు. మధ్యలో ఒక్కచోట, బద్ద చప్పున నెమ్మదించేది. ఆ ఒక్కచోటు దొరకడానికి నాకు రెండు నెలలు పట్టింది. తర్వాత అందరిలాగే సాఫ్ట్‌వేర్లోకి వచ్చిపడ్డాను.

నాసా వారి గ్లెన్ కేంద్రంలో తిరిగే ఫ్యాను రెక్కల మీద కూడా ఈ పట్టీలు పరీక్షించారు. అయితే వేడి రెక్కల దగ్గర ఇది పనికిరాదు. మామూలు పీజో పింగాణీ రెండు మూడు వందల డిగ్రీలు దాటితే గుణం కోల్పోతుంది. గ్యాసు టర్బైన్లో వాయువు వెయ్యి డిగ్రీల పైమాటే. పైగా పింగాణీ పెళుసు. కాబట్టి ఇంజను ముందువైపు చల్లని రెక్కలకే దీని మీద ఆశ.

ఇప్పుడు అసలు సంగతి. ఏడేళ్ళ కిందట యాంగాన్ శివార్లలో ఒక కార్ఖానాకి పనిచేశాను. సొంత బాయిలరు, చిన్న స్టీము టర్బైను. బేరింగు మీద కంపనం కొలిచే సెన్సారు ఉంది. దాని లోపలా పీజో పలుకే. ఆ అంకెల్ని కంప్యూటర్లో చూపించే ప్రోగ్రాం నాది. ఒక రోజు గీత ఒక్కసారిగా కొంచెం పైకి జరిగి అక్కడే నిలిచిపోయింది. అలారం మోగుతూనే ఉంది. "సయా, ఈ గోల ఆపండి, ఆర్డర్లున్నాయి" అన్నాడు మేనేజరు. సయా అంటే ఇక్కడ అయ్యవారూ అన్నట్టు.

అక్కడ ఒక ముసలి ఫిట్టరు ఉండేవాడు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఒక ఇనుప కడ్డీని టర్బైనుకి ఆనించి రెండో కొస చెవికి పెట్టుకునేవాడు. "బాబూ, దీని గొంతు మారిపోనాది" అన్నాడు. "మావయ్యా, అంకె ప్రమాదం గీతకి చాలా కిందే ఉంది" అన్నాను. అలారం హద్దు పెంచాను. ఒక పెట్టెలో అంకె మార్చి ఎంటర్ కొట్టడం, అంతే.

పంతొమ్మిదో రోజు రాత్రి రెక్క విరిగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. విప్పి చూస్తే రెక్కల్ని కలిపే తీగ ముందే తెగి ఉంది, ముక్క ఒకటి కనబడలేదు. గీత పైకి జరిగింది ఆ ముక్క ఎగిరిపోయి తూకం తప్పినందుకే. తీగ లేని రెక్కలు అప్పటినుంచీ విడివిడిగా వణికాయి. వణుకు సంగతి రెండు నెలలు కూర్చుని చదివినవాణ్ణి నేనే కదా!

కొత్త రెక్కలకి మళ్ళీ పాత పద్ధతిలో తీగే గుచ్చారు. నా ప్రోగ్రాములో మాత్రం రెండు మార్పులు చేశాను. అంకె హద్దు దాటకపోయినా, ఉన్నట్టుండి మెట్టులా జరిగితే అలారం మోగుతుంది. హద్దు మార్చాలంటే టర్బైను ఆగి ఉండాలి, ఫిట్టరు ఒప్పుకోవాలి. మేనేజరు గొణిగాడు గాని ఒప్పుకున్నాడు. మావయ్యకి కంప్యూటరు రాదు. అందుకని కాగితం మీదే సంతకం పెట్టిస్తారు.

ఇక్కడ కరెంటు పోయే వేళయింది, రికార్డింగు ఆపాలి. సెలవు.