వెబ్ నిర్మాతల అప్పగింత పత్రములు
(ప్రసంగ పాఠము)



ప్రభుత్వోద్యోగికి బదిలీ క్రొత్త కాదు. ఉత్తరువు వచ్చిన పిమ్మట ఆయన చార్జి అప్పగించును. ఫైళ్లు, బీరువా తాళములు, స్టాకు రిజిస్టరు పట్టికలో చేరును. ఇరువురును సంతకములు చేయుదురు. కాని కార్యాలయపు వెబ్‌సైటును నిలిపిన వ్యక్తి బదిలీ యైనపుడు ఆ పట్టికలో చేరని వస్తు వొకటి కలదు. సర్వరుపై ఏ ప్రోగ్రామును ఏ వరుసలో ఎక్కించవలెను, ఏ అమరికను మార్చినచో ఏది ఆగిపోవును అను తెలివి ఆయనతోడనే రైలెక్కును. కొన్ని మాసములకు ఆ సర్వరు నిలిచిపోయిన యెడల, పింఛను వివరము చూచుకొనగోరు వృద్ధుడును, దరఖాస్తు గడువు ముగియనున్న విద్యార్థియు తెర యెదుట వేచియుండవలసినదే. వెబ్ డెవలపర్లు తమలో తాము పంచుకొను కోడు ముక్కలును, అమరిక నోట్సులును చిల్లర విషయములుగా తోచవచ్చును. నిజమునకు అవియే చార్జి అప్పగింత పత్రములు.

ఈ ఆచారము కంప్యూటరుతోపాటు పెరిగినది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను యంత్రము 1949 మే 6న తన మొదటి ప్రోగ్రామును నడిపెను. మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అనువారు, మాటిమాటికి కావలసివచ్చు లెక్కల భాగములను ఒకసారి వ్రాసి, చిల్లులు పొడిచిన కాగితపు టేపులపై భద్రపరచి, ఒక గ్రంథాలయముగా ఏర్పరచిరి. 1951లో ఆ పద్ధతిని పుస్తకముగా ప్రకటించిరి. మరుసటి సంవత్సరమున వీలర్ తెలిపిన అభిప్రాయము గమనింపదగినది. కోడు వ్రాసి పరీక్షించిన పిదపను, దాని లోపలి నిర్మాణము నెరుగనివారు సైతము వాడుకొనునట్లు వివరణ వ్రాయుట మిగిలియుండుననియు, అన్నిటికంటె కష్టమైన పని అదియే కావచ్చుననియు ఆయన భావము. డెబ్బది యేండ్లకు పైగా గడచినను ఆ కష్టము తగ్గలేదు.

1955లో అమెరికాలో ఐ.బి.ఎం. యంత్రములను వాడు సంస్థలు షేర్ అను సంఘముగా ఏర్పడి ప్రోగ్రాములను ఇచ్చిపుచ్చుకొనసాగినవి. 1993 ఏప్రిల్ 30న, జెనీవా చెంతనున్న సెర్న్ సంస్థ, వెబ్‌నకు మూలమైన ప్రోగ్రాములను సర్వజనుల సొత్తుగా ప్రకటించెను. పంచుకొనుటచేతనే వెబ్ ఇంతటిదైనది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణము ఒకటి. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. ‘శ్రీ’ అనునది కంటికి ఒక్క అక్షరమే. యంత్రమునకు శకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము కలిసి 4 సంకేతములు, 12 బైట్లు. ఇది యెరుగక, చోటు చాలదని పేరును సంకేతముల లెక్కతో కత్తిరించినచో అక్షరము నడుమ తెగును. డేటాబేసుతో సంబంధము కలుపునపుడు అక్షర సంకేత పద్ధతిని సరిగా చెప్పనిచో, పేరంతయు ప్రశ్నార్థక చిహ్నములై పోవచ్చును. అట్లు నిలువచేసిన పేరు మరల రాదు. దీనికి మందు కొలది పంక్తులే. వెబ్ పుట, అనుసంధానము, డేటాబేసు పట్టిక, ఈ మూడుచోట్లను పద్ధతి సరిపోవలెను. తెలిసినవానికిది నిమిషముల పని; తెలియనివానికి దినముల వెదకులాట. ఆ నడుమనున్న దూరమును దాటించునది ఒక చీటీ మాత్రమే.

అయితే వట్టి కోడు ముక్క, మోతాదు వ్రాయని మందుచీటీ వంటిది. అది ఏ చిక్కునకు విరుగుడు, ప్రోగ్రాముల ఏ కూర్పులపై ఏ తేదీన పనిచేసినది, మెట్ల వరుస యేది, పని నెరవేరినట్లు గుర్తేమి, చెడినచో వెనుకకు మరలుట యెట్లు అను ఐదును దానితో ఉండవలెను. ఉండరానివి రహస్యపదములును, తాళపు సంకేతములును. పొరపాటున పదుగురి యెదుట పడిన రహస్యపదమును తుడిచివేసిన చాలదు, వెంటనే మార్చవలెను.

పుచ్చుకొనువానికిని ధర్మము కలదు. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అను 11 పంక్తుల ముక్కను దాని కర్త ఒక వివాదము వలన ఉపసంహరించుకొనగా, దానిపై ఆధారపడిన వేలకొలది ప్రోగ్రాముల నిర్మాణము ఆగిపోయినది. ఎరువు తెచ్చుకొన్నది ఏమిటో, ఎచ్చటనుండి వచ్చినదో వ్రాసి యుంచుకొనవలెను. అర్థము కాని పంక్తిని సర్వరుపై నడుపరాదు. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టము, తరువాతి సవరణలచే, కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతిగా ఎంచుచున్నది. కావున ఇచ్చువాడు షరతులను లైసెన్సు రూపమున తెలుపవలెను. పుచ్చుకొనువాడు వానిని పాటింపవలెను.

ప్రభుత్వ ప్రోగ్రాముల మూలకోడును తెరచి శాఖలు పరస్పరము వాడుకొనుటకై 2015లో భారత ప్రభుత్వము ఒక విధానమును ప్రకటించెను. విధానము తలుపు తెరచును. చీటీ మాత్రము పని చేసిన మనిషియే, పని చేసిన నాడే వ్రాయవలెను. ఆ చీటీకి పరీక్ష సులభము. కార్యాలయమునకు అందరికంటె క్రొత్తగా వచ్చిన వాని చేతికి దానినిచ్చి, ఖాళీ యంత్రము ముందు కూర్చుండబెట్టవలెను. అతడు ఆగిన ప్రతి చోటను ఒక వాక్యము చేర్చవలెను. ఎవరిని పిలువక అతడు పని ముగించిన దినమున చార్జి అప్పగింత పూర్తియైనదని చెప్పవచ్చును.