నాపరాయిని చీల్చినోడి పేరు యాడుంది?

(డోన్‌లో రాయి పనివాళ్ల ముందు ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



డోన్‌లో నంద్యాల రైలెక్కితే బేతంచెర్ల కాడ నాపరాళ్ల దొంతులు కనబడతాయి. మనం కూచున్న ఈ అరుగూ ఆ బండే. ఒకప్పుడిది సముద్రం అడుగు. చేపలు కూడా పుట్టకముందు ఇక్కడ లోతు లేని సముద్రం ఉండేది. సున్నపు బురద పొర మీద పొర పేరి రాయయింది. అందుకే ఉలి పెట్టి కొడితే పలకలుగా లేస్తాది.

1872లో విలియం కింగ్ అనే దొర కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద పుస్తకం రాసినాడు. బనగానపల్లె, పాణ్యం అని మన ఊర్ల పేర్లే రాళ్లకు పెట్టినాడు. మంచిదే. ఊరి పేరు పుస్తకానికెక్కింది, రాయి చీల్చినోడి పేరు ఎక్కలేదు. మా నాయన బడి మెట్టెక్కలేదు. సుత్తితో తట్టి, చప్పుడు విని, పగులు యాడుందో చెప్పేవాడు. దాన్ని ఎవరూ చదువనలేదు. నేను ‘అవక్షేప శిల’ అనే మాట నేర్చుకుంటే మాత్రం సార్ అన్నారు. మనోళ్లు, వడ్డెరలు చీల్చిన బండను గుడిలో పరిచినాక, మనం కాలు పెడితే మైలంట!

ఇక అసలు సంగతి. పాణ్యం రాయి ఇసుక గట్టిపడి అయింది. దాన్ని పిండి చేస్తే లేచే సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి సిలికోసిస్ తెస్తుంది. పోయినదాన్ని ఏ మందూ తిరిగి తేలేదు. చాలాసార్లు టీబీ అని రాసి పంపిస్తారు. నీళ్లు చల్లితే దుమ్ము తగ్గుతుంది. ఆ ఖర్చు ఎవరు పెట్టాల? యజమానే.

అడిగితే ‘ఇది చిన్న క్వారీ, గనుల చట్టం రాదు’ అంటారు. 1952 గనుల చట్టంలో ఇట్లాంటి రాళ్లకు మినహాయింపు ఉండేది నిజమే. 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఆ మాట ఉంది. అయితే ఎప్పుడు? పైనుంచి తవ్వే గుంత యాడా ఆరు మీటర్లు దాటకూడదు, పనివాళ్లు యాభై మంది దాటకూడదు, మందుగుండు పేల్చకూడదు. మూడిట్లో ఒకటి తప్పినా ఆ సాకు చెల్లదు. రిజిస్టర్‌లో నీ పేరుండాల, చేతికి నియామక పత్రం రావాల. పేరు లేకుంటే రేపు రోగమొచ్చినా, బండ మీద పడినా ‘వాడు మా మనిషి కాదు’ అంటారు. మేస్త్రీ జేబులోని చిట్టీ లెక్కలోకి రాదప్పా!

ఆరు మీటర్లంటే ఇరవై అడుగులకు కొంచెం తక్కువ. ఇదిగో, తాడుకు ఆ కొలతలో ముడేసి తెచ్చినా. గుంత కొలుద్దాం, తేదీ వేసి రాసుకుందాం, గనుల భద్రతా డైరెక్టరేట్‌కు అర్జీ పెడదాం. సంతకం రానోళ్లు వేలిముద్ర వేయండి, పక్కన పేరు నేను రాస్తా.