నూలుపోగు కిర్బీ

నింటెండో వారి గేమ్ కన్సోల్ వీ మీద 2010లో వచ్చిన ఆట 'కిర్బీస్ ఎపిక్ యార్న్'. తెరంతా గుడ్డపేలికలూ బొత్తాలే. జిప్పు లాగితే దారి తెరుచుకుంటుంది. ఆట నాయకుడైన గులాబీ రంగు కిర్బీ ఒట్టి నూలుపోగు, పరుగందుకుంటే చిన్న కారైపోతాడు!

ముద్దుగా ఉందని అందరూ ఒప్పుకుంటారు. పేచీ మరోచోట: ఇందులో కిర్బీ చావడు. గోతిలో పడ్డా ఎత్తి గట్టున పెడతారు, పోయేవి పోగేసిన పూసలే. "ఇదేం ఆట, పసిపిల్లలకా?" అంటారు కొందరు. పాత కిర్బీ ఆటల్లోలా శత్రువులను మింగే విద్య లేదని అభిమానుల సణుగుడు. నాకైతే ఆ పూసలు చెల్లాచెదురైతే చాలు, ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లలతో కలిసి ఆడేవాళ్లకు ఇంతకన్నా హాయి ఏముంటుంది?

కష్టం కోరేవాళ్ల కోసం 2019 నాటి నింటెండో 3డీఎస్ కూర్పులో 'డెవిలిష్ మోడ్' చేర్చారు. అందులో దెబ్బలు ఎక్కువ తగిలితే కిర్బీ ఓడిపోతాడు.