కుడి ఎడమల రసాయనము

మన కుడిచేయి, ఎడమచేయి ఒకదానికొకటి అద్దములోని ప్రతిబింబములు. అయినను కుడిచేతి తొడుగు ఎడమచేతికి సరిపడదు. అణువులలోను ఇట్టి జంటలు కలవు. ఔషధములలో ఒక రూపము మేలు చేయగా, రెండవది నిష్ఫలమో హానికరమో కావచ్చును. కోరిన రూపమునే అధికముగా నిర్మించు విద్యను అసమ సంశ్లేషణ మందుము.

ఈ విద్యకు 2001లో నోబెల్ బహుమానము నందుకొన్న ముగ్గురిలో షార్ప్‌లెస్ ఒకరు. ఆయన పద్ధతులలో నొకదానియందు ఆస్మియం ఉత్ప్రేరకము. సింకోనా చెట్టు క్షారముల నుండి చేసిన సహాయకద్రవ్యము కుడియెడమలను నిర్ణయించును. కాని ఆస్మియం మిక్కిలి అరుదైన లోహము. దాని టెట్రాక్సైడు ఆవిరి కన్నులకు చేటు. ద్రావణములో కలిసిన పిమ్మట దానిని వేరుచేయుట కష్టము. మందులో అది మిగులరాదు గదా!

ఆ సంవత్సరమే హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు చెందిన బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం ప్రభృతులు ఒక ఉపాయమును ప్రకటించిరి. ధనావేశముగల పొరల పదార్థముపై ఋణావేశముగల ఆస్మేటును నిలిపిరి. చర్య ముగిసిన పిమ్మట దానిని వడగట్టి మరల వాడవచ్చును. సింకోనా ద్రవ్యమును ఆమ్లముతో వేరుగా రాబట్టవచ్చును.

అయితే, ఎన్నిమార్లు వాడితిమన్నదొక్కటే పరీక్ష కాదు. వడగట్టిన ద్రవములోనికి లోహము జారినదా? చివరిమారును మొదటిమారువలెనే కోరిన రూపము లభించినదా? ఈ రెండింటిని తూచి చూచిననే మనము ఉత్ప్రేరకమును నిజముగా తిరిగి పొందినవారమగుదుము.