పింఛను గడప దాకా వచ్చింది, సేవ రాలేదు

(గూడెం సభలో మాట్లాడిన మాటలు)

అక్కల్లారా, అన్నల్లారా, నడవలేక మంచాల మీదే ఉండిపోయిన మా పెద్దలారా!

మైకు మీ మంచం దాకా వినపడాలనే సభ గూడెం నడుమ పెట్టుకున్నాం. ఇవాళ మాట్లాడేది మీ గురించే.

మంచి జరిగితే మంచనే చెప్పుకుందాం. 1995 ఆగస్టు 15న కేంద్రం ముసలివాళ్ళకి పింఛను మొదలెట్టినప్పుడు నెలకి 75 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 దాకా 200. ఆ ఏడాది 1000, 2019లో 2000, 2024 జూలై నుంచి 4000 అయింది. ఒకప్పుడు ఆ డబ్బు కోసం పంచాయతీ అరుగు మీద పడిగాపులు పడ్డాం. 2019 తర్వాత వాలంటీర్లు ఇంటికి తెచ్చారు. 2024 ఎన్నికలప్పుడు వాళ్ళని ఆపేస్తే ఏప్రిల్ ఎండలో మా ముసలాళ్ళు సచివాలయాల ముందు నిలబడ్డారు. జూలై నుంచి సచివాలయం ఉద్యోగులే ఇంటికి తెస్తున్నారు. మేం తెచ్చామంటే మేం తెచ్చామని పార్టీలు కొట్టుకుంటాయి. ఎవరు తెచ్చినా అది భిక్ష కాదు. ముసలితనంలో, జబ్బులో ప్రభుత్వం ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణంలో రాసే ఉంది.

మరి మేం అడిగేదేంటి? నెలకొక రోజు ఒక మనిషి గడప దాకా వస్తాడు. వేలిముద్ర అడుగుతాడు. యాభై ఏళ్ళు నాట్లేసి, మిరపకాయలు కోసి అరిగిపోయిన వేలు అది, మిషను మీద ఒక పట్టాన పడదు. పడ్డాక డబ్బు లెక్కపెట్టి పోతాడు. మిగతా 29 రోజులు? మంచం దిగలేని అమ్మకి నీళ్ళు పోసేదెవరు? పక్క తిప్పేదెవరు? వీపు పుండు పడితే కడిగేదెవరు?

కోడలో, కూతురో చెయ్యాలి. చేస్తే కూలి పోద్ది. కూలి పోతే పొయ్యి వెలగదు. మా వాడలో ఒక చెల్లెలు పట్నంలో ఆయాగా పనిచేస్తా ఉంది. అక్కడ పరాయి తల్లికి ఒళ్ళు తుడుస్తది. ఇక్కడ కన్నతల్లి తడిగుడ్డల మీద పొద్దుగూకేదాకా పడుంటది. డబ్బున్నోళ్ళ ముసలితనాన్ని మోసేది మా ఆడవాళ్ళు. మా ముసలితనాన్ని మోసేదెవరు?

ఇందులో కులం లేదా? ఉంది. పెద్దిళ్ళలో మలం ఎత్తించుకునేప్పుడు రాని అంటు, మంచినీళ్ళు అడిగినప్పుడు వస్తది. రేపు సర్కారు సేవకుల్ని పెడితే వాళ్ళు మా గడప దాటి మా అమ్మ ఒళ్ళు ముట్టుకుంటారా? ఇది ముందే తేల్చాలి.

2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం తెచ్చారు. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర కేసు పెట్టమంది. కొడుకు కూడా కూలోడే అయితే వాడి మీద కేసేసి ఏం వసూలు చేస్తాం? 2024లో మంచం పట్టినవాళ్ళకి 15,000 అన్నారు. మేలే. కానీ అది పక్షవాతం, కండరాల జబ్బు, ప్రమాదం లాంటివాటికే. వయసుడిగి మంచం పట్టినవాళ్ళు ఆ లెక్కలోకి రారు.

చెయ్యలేమా అంటే, వేరే రాష్ట్రాలు చేస్తన్నాయి. కేరళ 2008లోనే దీనికి విధానం పెట్టుకుంది. అక్కడ పంచాయతీల తరఫున నర్సులు మంచాన ఉన్నవాళ్ళ ఇళ్ళకే పోతారు. తమిళనాడు 2021 ఆగస్టు 5న ఇంటి దగ్గరికే వైద్యం మొదలెట్టింది. బీపీ, సుగర్ మాత్రలు, కాళ్ళూచేతులు ఆడించే వ్యాయామం ఇంట్లోనే.

1928లో బొంబాయి శాసనమండలిలో కూలి తల్లుల కాన్పు సెలవు గురించి అంబేద్కర్ మాట్లాడాడు. ఆ ఖర్చు భారం చాలావరకు ప్రభుత్వమే మొయ్యాలన్నాడు. కనే తల్లికి చెప్పిన న్యాయం కాటికి దగ్గరైన తల్లికి చెల్లదా?

అందుకని రాబోయే గ్రామసభలో ఈ నాలుగూ తీర్మానంగా పెడదాం.

ఒకటి, ఊరికో ఇంటి సేవ కార్యకర్త. తర్ఫీదు, నెల జీతం, సెలవు ఉండాలి. గౌరవ వేతనం అని మోసం చెయ్యకూడదు. అన్ని కులాల నుంచీ తీసుకోవాలి. గడప తొక్కనన్నవాళ్ళకి ఆ ఉద్యోగం వద్దు.

రెండు, ఇంట్లోవాళ్ళని చూసుకుంటా కూలి పోగొట్టుకునే ఆడవాళ్ళకి కూలి కట్టివ్వాలి.

మూడు, ఒక ఇంటికి ఒకే వృద్ధాప్య పింఛనన్న నిబంధన తీసెయ్యాలి. ముసలామెకి ఆకలి వెయ్యదా? మొగుడు పోయేదాకా ఆగాలా?

నాలుగు, వీల్‌చైర్లు, పుండ్లు పడని పరుపులు, కట్టుగుడ్డలు ఊళ్ళోని ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి.

రేపట్నుంచి గూడెంలో ఇల్లిల్లూ తిరుగుదాం. మంచాన ఎవరున్నారు, వాళ్ళని ఎవరు చూస్తన్నారు, దానికి ఎన్ని కూలి రోజులు పోతన్నాయి, ఈ మూడూ రాసుకుందాం. ఆఫీసరు లెక్కలడిగితే మన లెక్క మన చేతిలో ఉండాలి.

మనల్ని సాకింది వీళ్ళు. ఊరందరికీ కూడు పండించిందీ వీళ్ళే. అప్పు మనకే కాదు, ఊరికీ సర్కారుకీ కూడా ఉంది. అది వసూలు చేద్దాం.

జై భీమ్!